పెత్తనము నేర్పు చదువు: ఎం.బి.ఏ. పట్టము పుట్టుపూర్వోత్తరములు



మదనపల్లె పట్టణమునుండి అనంతపురము పోవు మార్గమున ఇంచుమించు పది కిలోమీటర్లు సాగినచో అంగళ్లు అను గ్రామము వచ్చును. అది కురబలకోట మండలములోనిది. 1998వ సంవత్సరమున ఆ గ్రామసమీపమున మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ అను కళాశాల వెలసినది. ఇంజనీరింగు విద్యలతోపాటు ఎం.బి.ఏ. అను విద్యను కూడ అచట నేర్పుచు వచ్చిరి. చుట్టుపట్ల పల్లెల యువతీయువకులకు ఆ మూడక్షరములు నేడు సుపరిచితములు. పెద్దలకు మాత్రము వాని యర్థ మింకను తేటపడలేదు.

ఒక ఇంట జరుగు సంభాషణను ఊహించుకొనుడు. బి.ఏ. ముగించిన మనుమడు తాతకడకు వచ్చి, "తాతా, నేను ఎం.బి.ఏ.లో చేరెదను" అనును. తాత యిట్లు ప్రశ్నించును: "నాయనా, ఇంజనీరు చదివినవాడు వంతెన కట్టును. వైద్యము చదివినవాడు జ్వరము దించును. ప్లీడరు చదివినవాడు దావా నడుపును. నీవు రెండేండ్లు చదివి ఏమి చేయుదువు?" మనుమడు, "కంపెనీలో మేనేజరు నగుదును" అనును. "ఆ కంపెనీ ఏమి చేయును?" అని తాత. "ఏ కంపెనీ యైనను సరే" అని మనుమడు. ఇంతటితో తాతకు అనుమానము పెరుగునే గాని తీఱదు. ఏ పనికో తెలియని చదువునకై రెండేండ్ల కాలమును, ఒకవేళ ఎకరము పొలమును వ్యయము చేయుట ఎట్లు?

తాత అడిగినది అవివేకపు ప్రశ్న కాదు. ఈ విద్య పుట్టిన అమెరికా దేశముననే పండితులు నూఱేండ్లకు పూర్వము ఈ ప్రశ్ననే వేసిరి. కావున నేటి ప్రసంగమున ఈ పట్టము ఎచట పుట్టెనో, ఏ పనికై పుట్టెనో, ఏ త్రోవను మన సీమకు వచ్చెనో మనవి చేసెదను. అది తెలిసినచో తాత ప్రశ్నకు సమాధానము దానంతట అదియే దొరకును.

మొదట పేరు చూతము. ఎం.బి.ఏ. యనగా మాస్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. తెలుగున చెప్పవలెనన్న వ్యాపార నిర్వహణమందలి ఉన్నత పట్టము. మన పల్లెల మాటలో పెత్తనము నేర్పు చదువు. పెత్తన మనగానే మనకు అధికారము, అదలింపు స్ఫురించును. కాని మంచి పెత్తనదారుడు చేయు పని వేఱు. కురబలకోట యను పేరులోనే కురబ లున్నారు గదా! ఒక కాపరి నూఱు గొఱ్ఱెలను మేపుటకు ఎన్ని సంగతు లెఱిగి యుండవలెను? ఏ గుట్టపై ఎప్పుడు గడ్డి మొలచునో, ఏ చెఱువున నీరు నిలుచునో, ఏ రోగము ఏ ఋతువున వచ్చునో, ఏ సంతలో ధర పలుకునో, కూలివానికి ఏమి యియ్యవలెనో, ఎన్నింటిని అమ్మి ఎన్నింటిని సాకవలెనో అన్నియు తెలియవలెను. అతడు పశువైద్యుడు కాడు, వర్తకుడు కాడు, గణకుడు కాడు. కాని ఆ ముగ్గురి పనులలోను కొంత కొంత ఎఱిగి, వానిని ఒక్క మందయొక్క క్షేమమునకై కూర్చువాడు. సర్వసామాన్య నిర్వహణ మని పండితులు చెప్పునది ఇదియే.

ఇట్టి నేర్పు ఇదివఱకు తండ్రి వెంట తిరిగి కొడుకు నేర్చుకొనెడివాడు. దానికి బడి యెందులకు కావలసి వచ్చెను? పందొమ్మిదవ శతాబ్దమున రైలుమార్గములును, ఉక్కు కార్ఖానాలును పుట్టుటయే అందులకు కారణము. కురబలకోటకు కూడ ధర్మవరము, పాకాల నడుమ వేసిన మార్గమున రైలు వచ్చినది. ఆ చిన్న స్టేషనునందు టిక్కెట్టు నమ్మువాడు, జెండా చూపువాడు, ఎచటనో దూరమున కూర్చుండి వేళలు నిర్ణయించువాడు ఒకరి నొకరు ఎఱుగరు. వారందఱి పనియు పొసగిననే బండి నడచును. పెట్టుబడి పెట్టిన యజమాని వేఱు, నడుపువాడు వేఱు. వేలకొలది పనివారును, వందల క్రోసుల మార్గమును గల సంస్థను నడుపుటకు తండ్రి వెంట తిరిగి నేర్చిన విద్య చాలదయ్యెను. జీతమునకు నడుపు నేర్పఱులు కావలసి వచ్చిరి.

1881లో ఫిలడెల్ఫియా నగరమున జోసెఫ్ వార్టన్ అను లోహవ్యాపారి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు ధన మొసగి వ్యాపార విద్యాశాల నొకదానిని నెలకొల్పించెను. 1900లో డార్ట్‌మౌత్ కళాశాలలో పట్టభద్రులైనవారికై మఱియొక శాఖ ఏర్పడినది. 1908లో హార్వర్డు విశ్వవిద్యాలయము ఎం.బి.ఏ. యను పట్టమును ప్రారంభించెను. వేదాంతము, ధర్మశాస్త్రము చెప్పుచోట అంగడి లెక్కలు చెప్పుటయా యని కొందఱు పెద్దలు ముక్కుపై వ్రేలిడుకొనిరి. అచటి విద్యాశాలకు తొలి అధ్యక్షుడు ఎడ్విన్ గే అను చరిత్రకారుడు. ఆయనకు తరువాత 1919లో వాలెస్ డానమ్ అను న్యాయశాస్త్రజ్ఞుడు ఆ పదవికి వచ్చెను.

డానమ్ దొర చేసిన మార్పు మన గ్రామ పెద్దలకు సులభముగా అర్థము కాగలదు. సూత్రములు వల్లించుటతో సరిపెట్టక, నిజముగా జరిగిన వ్యవహారము నొకదానిని వ్రాయించి విద్యార్థులముందు పెట్టించెను. ఒక చెప్పుల కార్ఖానాలో సరకు నిలిచిపోయినది. అప్పు తీర్చు గడువు దగ్గరపడినది. నీవే యజమానివైనచో ఏమి చేయుదు వని అడుగుట ఈ పద్ధతి. ఒక డొకటి చెప్పును. వేఱొకడు దానిని ఖండించును. గురువు వాదమును నడిపించును. మన రచ్చబండ యొద్ద తగవు తీర్చు పద్ధతి ఇంచుమించు ఇట్టిదే గదా! ఇరుపక్షముల మాట విని, ఉన్నంత సమాచారముతో, ఉన్న గడువులో ఒక నిర్ణయమునకు వచ్చుట అందును కలదు, ఇందును కలదు. అన్ని సంగతులు తెలిసిన పిమ్మట నిర్ణయింతు ననువాడు పెత్తనమునకు పనికిరాడు.

ఇంతవఱకు చెప్పినది విని, ఇది పూర్తిగా పరదేశపు సొమ్మని తలంపవలదు. హార్వర్డులో ఈ పట్టము మొదలైన మఱుసటి యేట, అనగా 1909లో, మదనపల్లెకు పొరుగు సీమయైన మైసూరున రుద్రపట్న శామశాస్త్రిగారు కౌటిల్యుని అర్థశాస్త్రమును అచ్చు వేయించిరి. ఆ తాళపత్ర ప్రతి 1905లో వారి కంటబడినది. అందు రెండవ అధికరణ మంతయు అధ్యక్షుల విధులను గూర్చినదే. గనులకు, ధాన్యపు కొట్టులకు, నేతకు, సుంకములకు, పశువులకు వేర్వేఱుగా అధ్యక్షు లుండవలె ననియు, వారి లెక్కలను ఎట్లు పరీక్షింపవలె ననియు అందు కలదు. పెత్తనమును శాస్త్రముగా చూచుట మనవారికి క్రొత్త కాదు. నడుమ మఱచిపోయితిమి.

మఱచిపోవుటకు కారణము కలదు. ఆంగ్లేయుల కాలమున మన దేశమందలి పెద్ద కార్ఖానాలను, తేయాకు తోటలను, ఓడలను నడుపువారు చాలవఱకు సీమదొరలే. మనవారికి దక్కినది గుమాస్తాగిరి. అందులకు కావలసిన వాణిజ్య విద్య మాత్రము కొంత నేర్పిరి. 1913లో బొంబాయిలో సిడన్‌హాం కళాశాల ఆ విద్యకై వెలసినది. లెక్క వ్రాయుట నేర్చితిమి గాని, ఆ లెక్క చూచి నిర్ణయించుట నేర్వలేదు.

ఈ లోపమును గుర్తించిన వారిలో చిత్తూరు సీమవారే యొకరు కలరు. చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారిని మీ రెఱుగుదురు. సాహిత్య విమర్శకుడుగా వారి పేరు ప్రసిద్ధము. ధనమును గూర్చిన శాస్త్రము తెలుగువానికి తెలుగులోనే తెలియవలె నని వారు అర్థశాస్త్ర గ్రంథమును కూడ రచించిరి. 1926లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ఏర్పడినప్పుడు దానికి తొలి ఉపాధ్యక్షులు వారే. ఆ పరిషత్తే తరువాత ఈ పట్టమునకు మన నాట పుట్టినిల్లైనది.

అది విశాఖపట్టణముననే ఏల జరిగెను? 1941లో సింధియా కంపెనీవారు అచట ఓడల కార్ఖానాకు పునాది వేసిరి. 1948లో జలఉష యను ఓడ అచటినుండి సముద్రమున దిగినది. నెహ్రూగారు స్వయముగా వచ్చి దానిని నీట విడిచిరి. 1952లో ప్రభుత్వము ఆ కార్ఖానాను హస్తగతము చేసికొని హిందూస్థాన్ షిప్‌యార్డుగా నడిపింప మొదలిడెను. 1956లో రెండవ పంచవర్ష ప్రణాళిక ఆరంభమైనది. అదే యేట జీవిత బీమా వ్యాపారము జాతీయమైనది. 1957లో కాల్టెక్సు వారి చమురు శుద్ధి కార్ఖానా విశాఖలో పనికి వచ్చినది. దొరలు వెడలిపోయిరి, కార్ఖానాలు నిలిచినవి, నడుపువారు కావలెను. ఆ 1957లోనే ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ఎం.బి.ఏ. తరగతిని ప్రారంభించెను. అప్పటి ఉపాధ్యక్షులు ఆర్థికశాస్త్రాచార్యులైన వి.ఎస్. కృష్ణగారు. మన దేశపు విశ్వవిద్యాలయములలో ఈ పట్టమును మొట్టమొదట ఏర్పఱచిన కీర్తి ఆ పరిషత్తుదే యని చెప్పుదురు.

కలకత్తాలో 1953లోనే ఇట్టి విద్యకై ప్రత్యేక సంస్థ వెలసినది. 1956లో హైదరాబాదున అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ఏర్పడినది. అది పిన్నలకు కాదు. ఉద్యోగములలో తల నెఱసినవారు మరల కూర్చుండి నేర్చు బడి. 1961లో కలకత్తాయందును, అహమ్మదాబాదునందును ఐ.ఐ.ఎం.లు వెలసినవి. కలకత్తా సంస్థ మసాచుసెట్స్ వారి సాయమును, అహమ్మదాబాదు సంస్థ హార్వర్డు వారి సాయమును పొందెను. మన నాట 2001లో హైదరాబాదునందు ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, 2015లో విశాఖపట్టణమున ఐ.ఐ.ఎం. వచ్చినవి.

ఇక మదనపల్లె సంగతి. ఈ సీమకు కళాశాల క్రొత్త కాదు. 1915లో అనీబిసెంటమ్మగారు ఇచట దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించిరి. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఆ ప్రాంగణమున విడిసి, జనగణమన గీతమును ఆంగ్లమున స్వయముగా పరివర్తించిరి. ఆ కళాశాల దేశభక్తిని, శీలమును లక్ష్యముగా పెట్టుకొన్నది. ఎనుబది యేండ్లకు పైగా గడచిన పిమ్మట అంగళ్ల యొద్ద వెలసిన విద్యాశాల జీవనోపాధిని ముందుంచుకొన్నది. రెండును కావలసినవే. కాని ఈ మార్పు ఎట్లు జరిగెనో తెలిసికొనవలెను.

1991లో దేశపు ఆర్థిక విధానము మాఱినది. పరదేశపు కంపెనీలు వచ్చినవి, బెంగుళూరు పెరిగినది. మదనపల్లెనుండి బెంగుళూరు కొన్ని గంటల ప్రయాణమే. ప్రైవేటు కళాశాలలు ఊరూర లేచినవి. ఏ పట్టమున్నను చాలును, ఐసెట్ అను ప్రవేశ పరీక్ష వ్రాసి ఎం.బి.ఏ.లో చేరవచ్చును. ప్రభుత్వము ఫీజు తిరిగి యిచ్చు పథకమును విస్తరించుటతో బీదల బిడ్డలు కూడ చేరగలిగిరి. అది మేలే. కాని 2020 సంవత్సరాంతమున ప్రైవేటు కళాశాలలలోని పట్టభద్రోత్తర విద్యకు ఆ సాయమును నిలుపుచు ఉత్తరువు వచ్చినది. కావున ఫీజు సాయము ప్రభుత్వపుటుత్తరువును బట్టి మాఱునదని గ్రహించి, చేరుటకు పూర్వమే ఆ యేటి నిబంధనను విచారించుకొనవలెను.

ఈ చదువులో ఏమి నేర్పుదురు? సాధారణముగా తొలి యేడు అందఱికిని ఒకటే పాఠము. జమాఖర్చుల లెక్క, అర్థశాస్త్రము, గణాంకములు, చట్టము, సరకు నమ్ము నేర్పు, మనుష్యులతో మెలగు తీరు, పని సాగించు క్రమము. రెండవ యేట విద్యార్థి తనకు నచ్చిన శాఖను ఎన్నుకొనవచ్చును. ధనవ్యవహారమో, విక్రయమో, ఉద్యోగుల పోషణమో, కొన్నిచోట్ల రెండు శాఖలు కలిపియో చదువవచ్చును. నడుమ ఒక సంస్థలో కొన్ని వారములు పని చూచి నివేదిక వ్రాయవలెను. చరిత్ర చదివినవాడును, రసాయనము చదివినవాడును, యంత్రములు చదివినవాడును ఒకే బల్లపై కూర్చుందురు. ఉద్యోగము మానలేనివారికి దూరవిద్యా మార్గము కలదు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1972లో ఉత్తరముల ద్వారా విద్య నేర్పుట మొదలిడెను. హైదరాబాదున 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఢిల్లీలో 1985లో ఇందిరాగాంధి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినవి.

ఎటు వంచిన అటు వంగు ఈ గుణమే దీని బలము. దీని బలహీనతయు అదియే. అన్ని పనులకు పనికివచ్చు నని చెప్పుకొను చదువు, ఏ పనియు తెలియనివాని చేతిలో వట్టి కాగిత మగును. మంద లేని కాపరికి కఱ్ఱ యెందులకు? విశాఖలో 1957న ఈ పట్టము మొదలైనప్పుడు కండ్లయెదుట ఓడల కార్ఖానా కలదు, చమురు కార్ఖానా కలదు. కురబలకోట బిడ్డ కండ్లయెదుట ఏమి కలదు?

కలదు, పెద్దలారా! టమాటా కలదు. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమున పేరెన్నిక గన్నది. 2023 జూలైలో అచట కిలో ధర రెండు వందల రూపాయల దరిదాపునకు పోయినది. అదే మార్కెట్టున కొన్ని యేండ్లలో కోత కూలియు, బండి బాడుగయు రాక రైతులు కాయలను రోడ్డుప్రక్క పాఱబోసిన సంగతి మీ కండ్లతో చూచినదే. ఆ రెండు కాలములందును రైతుకు సేద్యము తెలియును. తెలియనిది ఎప్పు డెంత పండించవలెనో, ఎచట నిలువ చేయవలెనో, ఎవరితో ముందుగా ఒడంబడిక చేసికొనవలెనో, మిగిలిన కాయను గుజ్జుగా మార్చు కార్ఖానాకు పెట్టుబడి ఎట్లు కూర్చవలెనో! ఇవి యన్నియు ఎం.బి.ఏ. పాఠ్యములలోని ప్రకరణములే.

పాల సంగతియు అట్టిదే. గుజరాతులోని ఆనందు గ్రామప్రాంతమున 1946లో రైతులు పాల సంఘము పెట్టుకొనిరి. 1949లో అచటికి వచ్చిన వర్గీసు కురియనుగారు ఇంజనీరు. రైతులే సొంతదారులు, చదివినవాడు వారి జీతగాడు అను నియమమున ఆ సంఘమును ఆయన పెంచిరి. అట్టి నేర్పఱులు ఇంకను కావలె నని 1979లో ఆనందునందే గ్రామీణ నిర్వహణకై ప్రత్యేక విద్యాసంస్థను నెలకొల్పిరి. మన చిత్తూరు సహకార డెయిరీయో, ఒకనాడు మిక్కిలి పెద్దదై వెలిగి, 2002లో మూతపడినది. కారణములను గూర్చి భిన్నాభిప్రాయములు కలవు. వానిని ఇచట విచారింపను. పాడి రెండుచోట్లను కలదు. పశువులు రెండుచోట్లను కలవు. ఒకచోట సంఘము నిలిచినది, వేఱొకచోట కూలినది. నిలుచుటకును కూలుటకును నడుమ నున్న భేదమున నిర్వహణమునకు పెద్ద పాలు కలదని మాత్రము చెప్పవచ్చును.

1984లో కరణముల పదవులు రద్దైనవి. ఆ వ్యవస్థలో దోషములు లేకపోలేదు. పుట్టుకను బట్టి వచ్చు పెత్తనము పోవుట న్యాయమే. కాని ఊరిలెక్క చూచువాని చోటు పూర్తిగా నిండినదా? పాల సంఘము, నీటి సంఘము, స్త్రీల పొదుపు సంఘములు, రైతు ఉత్పత్తిదారుల సంఘములు నేడు ఊరూర కలవు. వాని పుస్తకములను చదివి, లాభమెచట, నష్టమెచట అని పదిమందికి తెలియజెప్పగలవారు కావలెను. పుట్టుక వలన కాక చదువు వలన వచ్చు పెత్తనమునకు తావు అచటనే కలదు.

కావున తాతలకు నా విన్నపము. మనుమడు ఎం.బి.ఏ. యనగానే కాదనవలదు, వెంటనే పొలము కాగితములు బయటికి తీయనువలదు. కళాశాలకు పోయి, కడచిన మూడేండ్లలో చదివినవారు ఏ పనులలో కుదిరిరో, ఎంత జీతమునకో విచారింపుడు. ప్రభుత్వపు గుర్తింపు చూడుడు. వీలైనచో చదువునకు ముందు ఒకటి రెండేండ్లు ఏదేని పని చేయనిండు. పని ఎఱిగినవానికి ఈ పాఠములు ఎక్కువగా ఒంటబట్టును. తొలి యేడు గడచి సెలవులకు వచ్చినప్పుడు మీ ఊరి పాల సంఘము లెక్క పుస్తకము నాతని చేతికిండు. మీ టమాటా పంటపై గడచిన మూడేండ్ల జమాఖర్చు వ్రాయుమనుడు. మనుమరాలు చదివినచో ఆమెకును ఈ పరీక్షయే. బెంగుళూరికి పోవువారు పోవుదురు. వారిని ఆపుట తగదు. కాని పదిమందిలో ఒక్క డైనను ఆ పుస్తకమును చదివి, "తాతా, మన మిచట ఈ విధముగా నష్టపోవుచున్నాము" అని వ్రేలు పెట్టి చూపగలిగినచో, తాత వేసిన ప్రశ్నకు సమాధానము ఆ యింటనే దొరకినట్లు.